కరవు చేతులు కట్టిన మందిరం

డిసెంబరు వచ్చిందంటే మన కోటగిరి చుట్టుపక్కల పల్లెల్లో మందిరాలకు సున్నాలు పడతాయి, కప్పుల మీద నక్షత్రాలు లేస్తాయి. మన సంఘాల్లో కొత్త గుడులకు శంకుస్థాపనలు, ప్రతిష్ఠలు చాలావరకు ఈ పండుగ రోజులు చూసే పెట్టుకుంటారు. క్రిస్మస్ ఆరాధన ముగించుకుని బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా మెదక్ వెళ్లి చర్చి చూసి వచ్చే కుటుంబాలూ ఉన్నాయి. వెళ్లి వచ్చినవారు గోపురం ఎత్తు గురించి చెబుతారు, రంగుల అద్దాల గురించి చెబుతారు. కట్టించిన మనిషి గురించి చెప్పేవారు తక్కువ.

ఛార్లెస్ వాకర్ పోస్నెట్ గారు 1870లో పుట్టారు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ సేవకుడు. 1895లో సికింద్రాబాదు వచ్చినప్పుడు ఆయనకు అప్పగించిన పని తిరుమలగిరి కంటోన్మెంటులోని బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య. తన భాష మాట్లాడేవారి మధ్య, తన దేశపు అలవాట్ల మధ్య సుఖంగా గడపగల ఉద్యోగం. ఆయనకు అందులో తృప్తి కలగలేదు. మరుసటి ఏడాదే గుర్రమెక్కి మెదక్ బయలుదేరారు. దారికి రెండు రోజులు పట్టింది. డాక్ బంగళాలో దిగారు. అప్పటికి ఆ ప్రాంతంలో క్రైస్తవులు రెండు వందలమంది ఉంటే గొప్ప. పెంకులు కప్పిన చిన్న కట్టడంలో ఆరాధన మొదలైంది.

ఆ పెంకుల గుడికీ, నేడు మనం చూసే మహా మందిరానికీ మధ్య ఇరవై ఎనిమిదేళ్లున్నాయి. ఈ సంగతి మనం మరచిపోతుంటాం. పోస్నెట్ గారు రాగానే రాయి ఎత్తలేదు. పల్లెలు తిరిగారు. ఆయన సోదరి ఎమిలీ పోస్నెట్, ఆమె సహచరి సారా హారిస్ మెదక్‌లోనే ఉండి స్త్రీల మధ్య పనిచేశారు. బడులు, హాస్టళ్లు, వైద్యం, సువార్తికుల శిక్షణ ఒక్కొక్కటిగా నిలబడ్డాయి. ముందు మాల వాడల నుంచి, ఆ తర్వాత మాదిగ వాడల నుంచి కుటుంబాలకు కుటుంబాలే బాప్తిస్మానికి వచ్చాయి. అదే మిషన్ పరిచర్యలో మన జిల్లాకు దక్కినది డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు, ఆమె భర్త జార్జి కెర్ గారు దాన్ని ఆరంభించారు.

మెదక్ మందిరం పని 1914లో మొదలైంది. ఆ ఏడే యూరపులో యుద్ధం వచ్చిపడింది. వెనకే మన ప్రాంతాన్ని కరవు పట్టుకుంది. 1918లో వానలు తప్పాయి, ఇన్‌ఫ్లూయెంజా జ్వరాలు దేశమంతటా లక్షల ప్రాణాలు తీశాయి. జొన్న గటక దొరికినవాడే అదృష్టవంతుడు. ఇలాంటి కాలంలో అంత పెద్ద గుడి ఏమిటని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ డబ్బుతో గింజలు కొని పంచవచ్చు కదా అనేది న్యాయమైన ప్రశ్నే. వేదాంత కళాశాలలో చదువుకునే రోజుల్లో నాకూ ఇదే అనిపించేది.

పోస్నెట్ గారు చేసింది వేరు. ఆకలితో వచ్చినవారికి చేతిలో పని పెట్టారు. రాయి మోసినవారికి, సున్నం నూరినవారికి, మట్టి తవ్వినవారికి కూలి, కూడు దొరికాయి. పొట్టలు నింపడం, మందిరం కట్టడం రెండూ ఆయన లెక్కలో ఒకే పద్దు. ఉచితంగా పంచిన గింజలు తిన్నవాడు పంచినవాడి ముందు తల వంచుకుని నిలబడాలి. కూలి తీసుకున్నవాడికి ఆ అగత్యం లేదు. బియ్యం కోసం మతం మారారని మనవాళ్లను ఎగతాళి చేసేవారు నాడూ ఉన్నారు, నేడూ ఉన్నారు. ఆ మాట పడ్డ తాతలు నిజానికి చెమటోడ్చి సంపాదించుకున్న కూడు తిన్నారు. పైగా వారు ఊరి గుడి మెట్టు ఎక్కే హక్కు లేని మనుషులు. తమ చేతులతో పేర్చిన మెట్లమీద నుంచి నడిచి, తామే లోపలికి వెళ్లారు. నా దృష్టిలో ఆ కట్టడంలో ఇంతకు మించిన గొప్ప లేదు.

కొలతలు కూడా చెప్పుకోవాలి. వెడల్పు నూరు అడుగులు, పొడవు రెండు వందల అడుగులు, గోపురం 175 అడుగులు. ఇంచుమించు ఐదు వేలమంది ఒకేసారి ఆరాధించవచ్చు. నేలమీది ఆరు రంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరిచినవారు ఇటలీ మేస్త్రీలు. వాటికన్ తర్వాత ప్రపంచంలోనే పెద్ద డయాసిస్ మనదేనని కొందరు కరపత్రాల్లో అచ్చు వేస్తుంటారు. దేనితో కొలిచారో నాకు తెలియదు. ప్రతిష్ఠ జరిగిన నాటికి అక్కడ డయాసిసూ లేదు, బిషప్పూ లేడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాకే అది కెథడ్రల్ అయింది.

పోస్నెట్ గారిని మెచ్చుకుంటూనే ఒక లోటు చెప్పక తప్పదు. మెదక్ మందిరం ఆకారంలో ఇంగ్లండు మందిరం. కోసుగా లేచే గోతిక్ కమానుల్లో తెలంగాణ పల్లె ఛాయ కనబడదు. ఇంచుమించు అదే కాలంలో దోర్నకల్‌లో బిషప్ అజరయ్య గారు తమ మందిరాన్ని మొదలుపెట్టి, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. అందులో మన దేశపు స్తంభాలు, గుమ్మటాలు కలిసిపోయి కనిపిస్తాయి. ఈ మట్టి మీద క్రీస్తు పరాయివాడు కాడన్న సంగతిని ఆ రాళ్లే చెబుతాయి. అజరయ్య గారికి కలిగిన ఆ ఆలోచన పోస్నెట్ గారికి కలగలేదు. కాని మెదక్ రాళ్లను ఎత్తిన చేతులు మాత్రం ఈ మట్టివే.

కొన్నేళ్ల క్రితం ఒక ఊళ్లో కొత్త మందిర ప్రతిష్ఠకు వెళ్లాను. ఊరి పేరు ఎందుకులెండి. పందిరి, మైకులు, బిర్యాని, శాలువాలు అన్నీ ఘనంగా ఉన్నాయి. గేటు బయట ఒక మనిషి తలగుడ్డ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. లోపలికి రావయ్యా అంటే రాలేదు. ఆ మందిరానికి గోడలు కట్టిన మేస్త్రీ అతను. కూలి బాకీ కోసం పెద్దలు బయటికి వస్తారని పొద్దుటినుంచి కాచుకుని ఉన్నాడు. ఆ రోజు వాక్యం చెప్పవలసినవాణ్ని నేనే. సిద్ధపరచుకున్న ప్రసంగం నోటికి రాలేదు. భోజనాలకు ముందు అతని లెక్క తేల్చమని పెద్దలను అడిగాను. సగం ఇచ్చారు, మిగతాది సంక్రాంతికి అన్నారు. అప్పటినుంచి మెదక్ వెళ్లినప్పుడల్లా నా చూపు గోపురం మీదికంటే ముందు గోడల మీదికి పోతుంది.

1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, మెదక్ మందిరం ప్రతిష్ఠ జరిగింది. పదేళ్ల పని. రాళ్లు మోసే తల్లుల వెంట ఆడుకున్న పసివాళ్లు ఆ రోజుకు బడి ఈడు పిల్లలయ్యారు. ఆ గుంపులో నిలబడ్డ పోస్నెట్ గారికి యాభై నాలుగేళ్లు. కరవు తీరాక కూడా ఆయన పల్లెల బాట వదలలేదు.

అప్పటికి కిటికీల్లో రంగుల అద్దాలు లేవు. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు వేసిన ఆరోహణ దృశ్యం 1927లో బలిపీఠం వెనక అమరింది. ప్రభువు జన్మ దృశ్యం 1947లో వచ్చింది. పోస్నెట్ గారు 1950లో కన్నుమూశారు. సిలువ దృశ్యం 1958లో గాని రాలేదు. ఆయన దాన్ని చూడలేదు. ఈ పండుగకు మెదక్ వెళ్లేవారు పొద్దు గూకక ముందే చేరుకోండి. బయటి వెలుగు పోతే ఆ అద్దాల్లో ఏమీ కనబడదు.