ఎపెలి హౌఓఫా – సిలబస్ లేని బడి

గూగుల్ మ్యాప్‌లో పసిఫిక్ మహాసముద్రం ఒకసారి తెరిచి చూడండి. భూమి ఉపరితలంలో దాదాపు మూడో వంతు అదే. టోంగా, తువాలు, నియుయె లాంటి దేశాలు కనిపించాలంటే జూమ్ చేస్తూనే పోవాలి. వాటిలో కొన్నింటి జనాభా మన దగ్గర ఒక మండలమంత కూడా ఉండదు. ఇంత చిన్న దేశాలు సొంతంగా బతకలేవని, బయటి సాయమే వాటికి దిక్కని నిపుణులు ఏళ్ళ తరబడి రిపోర్టులు రాశారు. అదే పాఠాన్ని క్లాసులో చెప్పీ చెప్పీ, ఒక దశలో ఇక చెప్పలేకపోయిన మాస్టారు ఎపెలి హౌఓఫా.

ఆయనది ఏ ఊరు అంటే చెప్పడం కష్టమే. తల్లిదండ్రులు టోంగా వాళ్ళు, మిషనరీలు. వాళ్ళు పపువాలో పనిచేస్తుండగా 1939లో అక్కడే పుట్టారు. చదువు పపువా, టోంగా, ఫిజీల్లో మొదలై ఆస్ట్రేలియా, కెనడా దాకా వెళ్ళింది. కాన్‌బెర్రాలో మానవశాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత టోంగా రాజు దగ్గర కొన్నాళ్ళు ఉద్యోగం. ఆ రోజుల్లోనే భార్య బార్బరాతో కలిసి ‘ఫైకావా’ అనే సాహిత్య పత్రిక నడిపారు. ఆ ద్వీపాల్లో కావా అనే మొక్క వేరుతో చేసిన పానీయం చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకునే అలవాటు ఉంది. పత్రిక పేరు అక్కడి నుంచే వచ్చింది.

1983లో ఫిజీ రాజధాని సువాలో, యూనివర్సిటీ ఆఫ్ ది సౌత్ పసిఫిక్ సోషియాలజీ విభాగానికి హెడ్ అయ్యారు. పన్నెండు దేశాలు కలిసి నడిపే యూనివర్సిటీ అది. ఒకప్పుడు న్యూజిలాండ్ వైమానిక దళానికి చెందిన సీప్లేన్ల స్థావరం ఉన్న చోట 1968లో పెట్టారు. అదే 1983లో ‘టేల్స్ ఆఫ్ ది టికాంగ్స్’ వచ్చింది. టికో అనే కల్పిత దీవి, దాన్ని బాగు చేస్తామని దిగే నిపుణులు, వాళ్ళతో ఆడుకునే జనం... కథలన్నీ వ్యంగ్యమే. 1987లో వచ్చిన నవల ఇంకా అల్లరిది. హీరోకి కూర్చునే చోట నొప్పి, వైద్యం కోసం తిరగని చోటు ఉండదు. సీరియస్ ప్రొఫెసర్ ఇలాంటి నవల రాయడమేంటి అనిపిస్తుంది కానీ, ఆ నవ్వు లేకపోతే తర్వాత ఆయన చేసిన పని కూడా ఉండేది కాదని నాకు అనిపిస్తుంది.

మళ్ళీ క్లాసుకి వద్దాం. మీ దేశాలు చిన్నవి, పేదవి, ఇతరుల మీద ఆధారపడక తప్పదు అని చెబుతుంటే ఎదురుగా ఉన్న పిల్లల ముఖాలు వాడిపోవడం ఆయన గమనించారు. అవే దీవుల పిల్లలు వాళ్ళు. వాళ్ళను తలదించుకునేలా చేసే చదువు ఎందుకన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు. 1993లో ఉపన్యాసాల కోసం హవాయి వెళ్ళారు. కోనా నుంచి హిలోకి కారులో వెళ్తుంటే దారి పొడవునా నల్లటి లావా నేలలు. అగ్నిపర్వతం వల్ల ఆ దీవి ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. దీవులు చిన్నవన్న మాట మీద ఆయన నమ్మకం ఆ దారిలోనే పోయింది. తీరం దగ్గర గీత గీసి కొలిస్తేనే అవి చిన్నవి. పూర్వీకులు పడవల మీద వేల మైళ్ళు తిరిగిన సముద్రాన్ని కూడా కలుపుకుంటే అదో పెద్ద లోకం. ఆ ఏడాది వచ్చిన ‘అవర్ సీ ఆఫ్ ఐలాండ్స్’ వ్యాసం సారాంశం ఇదే.

వ్యాసంతో ఆగి ఉంటే ఆయన లైబ్రరీలో మిగిలిపోయేవారేమో. డబ్బు, రాజకీయం పెద్ద దేశాల చేతుల్లో ఉన్నా, కళలో మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదని ఆయన వాదన. 1997లో అదే క్యాంపస్‌లో ఓషియానియా సెంటర్ ఫర్ ఆర్ట్స్ అండ్ కల్చర్ మొదలుపెట్టారు. అందులో సిలబస్ లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు (మిడ్స్ రాసి వచ్చిన మనకు ఇది వింటేనే హాయిగా ఉంటుంది). చదువు మధ్యలో మానేసినవాళ్ళు, పని లేనివాళ్ళు కూడా వచ్చి బొమ్మలు వేయొచ్చు, చెక్క చెక్కొచ్చు. పక్కవాడు చేస్తుంటే చూసి నేర్చుకోవాలి, తెలిసింది పంచుకోవాలి. దీవుల్లో పాత పద్ధతీ అదే. మొదటి రోజుల్లో నియుయెలో పుట్టిన చిత్రకారుడు జాన్ పూలే (మన జ్యోతిబా ఫూలేతో సంబంధం లేదు!) వచ్చి వర్క్‌షాప్ నడిపారు. అక్కడి చిత్రకారులకు తర్వాత ‘రెడ్ వేవ్’ అన్న పేరు వచ్చింది. డ్యాన్స్‌లో అలన్ ఆలో వేర్వేరు దీవుల అడుగులు కలిపి కొత్తవి కట్టారు.

ఒక్క విషయంలో మాత్రం ఎపెలి గట్టిగా ఉండేవారు. పాశ్చాత్య కళను కాపీ కొట్టకూడదు. టూరిస్టు కొంటాడని తాతల నాటి డిజైన్లను అచ్చు గుద్దినట్టు దించనూకూడదు. పాతదాన్ని లోపలికి తీసుకుని, ఇప్పటి మనిషి కొత్తది చేయాలి. రిసార్టు షాపులో బొమ్మ అమ్ముడైతే ఆ పూట గడుస్తుంది కదా, అంత పట్టుదల న్యాయమేనా అని అడగొచ్చు. కానీ అమ్మకం కోసమే చెక్కే చేతికి తనదైన గీత ఎప్పటికి దొరుకుతుంది?

ఇక్కడ మన సంగతి కూడా కొంచెం ఉంది. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా ఫిజీ వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మనవలు అక్కడివాళ్ళా, బయటివాళ్ళా అన్న గొడవ ఫిజీలో చల్లారలేదు. 1987లో రెండుసార్లు సైనిక కుట్ర జరిగింది. 2000లో తిరుగుబాటుదారులు భారత సంతతి ప్రధాని మహేంద్ర చౌదరిని సువా పార్లమెంటులోనే 56 రోజులు బందీగా ఉంచారు. ఎపెలి మాత్రం అంతకు ముందే, 1998లో అచ్చయిన వ్యాసంలో తన లెక్క చెప్పేశారు. ఆ ప్రాంతంలో బతికి, దాన్ని తనదనుకున్నవాళ్ళు ఎవరైనా ఓషియానియా మనుషులే. రక్తం, పూర్వీకులు అడ్డు కాదు. ఎక్కడా పూర్తిగా సొంతూరు లేకుండా పెరిగిన మనిషికి ఈ మాట పుస్తకాల్లోంచి వచ్చి ఉండదు.

2008లో ఆయన వ్యాసాలు ఒక పుస్తకంగా వచ్చాయి. 2009 జనవరి 11న సువాలో కన్నుమూశారు, వయసు 69. ఆ తర్వాత కేంద్రాన్ని పసిఫిక్ స్టడీస్ విభాగంతో కలిపారు.