ఇల్లు లేని ముఖ్యమంత్రి: దామోదరం సంజీవయ్య గారి జీవితం

ఈ సారి జీవిత చరిత్ర పేజీకి ఎవరిని గురించి రాద్దామా అని ఆలోచిస్తే మన అనంతపురంలో చదువుకున్న ఒక పెద్దమనిషి గుర్తుకు వచ్చినాడు. జనరల్ నాలెడ్జిలో ఆయన పేరు ఒక బిట్టు. మన దేశంలో మొట్టమొదటి దళిత ముఖ్యమంత్రి ఎవరు? జవాబు దామోదరం సంజీవయ్య. మనం ఆ బిట్టు బట్టీ పట్టి ఒక మార్కు తెచ్చుకుంటాము. కానీ ఆ మనిషి యాడ పడుకొని, ఎవరి బువ్వ తిని చదువుకున్నాడో ఆ బిట్టులో వుండదు. హాస్టలు పిల్లలమైన మనకు కావలసింది అదే. అందుకే ఈ వ్యాసం.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14వ తేదీన కర్నూలు పక్కన వుండే పెదపాడు గ్రామంలో పుట్టినారు. తండ్రి మునెయ్య, తల్లి సుంకులమ్మ. వాళ్ళకు సెంటు భూమి లేదు. నేత పని, కూలి పని చేసి బతికే దళిత కుటుంబం. పిల్లవాడు పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయినాడు. ఇంటికి మగ దిక్కు పోయింది. తల్లి పిల్లలను తీసుకొని అన్నదమ్ముల పంచన చేరింది. సంజీవయ్య మేనమామ ఊర్లో పశువులు కాసినాడు. కొన్నేళ్ళకు మళ్ళీ పెదపాడుకు వచ్చినారు.

ఇక్కడ మనం ఆలోచించవలసిన సంగతి ఒకటి వుంది. తండ్రి లేడు, భూమి లేదు, తల్లి ఊరు మారుతూ వుంది. అట్లాంటి పిల్లవాడు మామూలుగా అయితే పశువుల కాపరిగానే వుండిపోవాల. ఆ రోజుల్లో అట్లా వుండిపోయిన పిల్లలు లెక్కలేనంత మంది. ఈయన వుండిపోలేదంటే కారణం అన్న చిన్నయ్య. చిన్నయ్య తాను కూలికి పోయి తమ్ముణ్ణి బడికి పంపినాడు. అన్న కూలి డబ్బులే తమ్ముడికి పలక, బలపం అయినాయి. చరిత్ర పుస్తకాల్లో సంజీవయ్య పేరు వుంటుంది, చిన్నయ్య పేరు వుండదు. మన పత్రికలో అయినా వుండాలని రాస్తున్నాను.

పెదపాడులో నాలుగో తరగతి దాకా చదివినాక కర్నూలులో అమెరికన్ బాప్టిస్టు మిషను బడిలో చేరినాడు. 1935లో కర్నూలు మునిసిపల్ హైస్కూలుకు పోయినాడు. 1938లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలో జిల్లాకే ఫస్టు వచ్చినాడు. గుడిసెలో పుట్టి, అన్న రెక్కల కష్టం మీద చదివిన పిల్లవాడు జిల్లా ఫస్టు అంటే మాటలు కాదు.

అయితే జిల్లా ఫస్టు వచ్చినా కాలేజీకి పోవడానికి డబ్బులు కావాల, ఉండటానికి చోటు కావాల. కర్నూలు నుంచి అనంతపురం సుమారు 150 కిలోమీటర్లు. అప్పుడు అనంతపురంలో దత్తమండల కాలేజీ అని వుండేది. 1800లో నిజాం నవాబు ఈ సీమను ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చేసినందువల్ల దీనికి దత్తమండలాలు అని పేరు. తర్వాత ఆ పేరు మాకొద్దని మనవాళ్ళు 1928లో రాయలసీమ అని పెట్టుకున్నారు. ఆ కాలేజీ 1916లో పుట్టింది. దానినే ఇప్పుడు మనం గవర్నమెంటు ఆర్ట్స్ కాలేజీ అంటున్నాము. టౌనుకు పోయినప్పుడు ఆ పాత రాతి బిల్డింగు ముందు నిలబడి ఒకసారి తలచుకోండి. సంజీవయ్య గారు ఆడనే లెక్కలు ముఖ్య సబ్జెక్టుగా బి.ఏ. చదివినారు.

కాలేజీలో చేర్చడానికి కూడా అన్న చిన్నయ్యే చేతనైన సాయం చేసినాడు. ఆ తర్వాత స్కాలర్‌షిప్పు వచ్చింది. మొదటి స్కాలర్‌షిప్పు డబ్బులు చేతికి వచ్చినప్పుడు ఆయన అన్నకు ఒక పంచె, ఒక చొక్కా కొనిచ్చినాడని ఆయన జీవితం రాసినవాళ్ళు చెబుతారు. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ నచ్చింది ఇదే. మనకు కాస్మెటిక్ చార్జీలు వస్తే మొదట ఏం కొంటామో ఎవరికి వాళ్ళం గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పుకోవాల.

ఇంకో విశేషం. ఇదే కాలేజీలో కొన్నేళ్ళ ముందు మన జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి గారు చదివినారు. ఒకరిది భూములున్న రైతు కుటుంబం, ఇంకొకరిది గజం నేల లేని కుటుంబం. ఇద్దరూ ఒకే కాలేజీ మెట్లు ఎక్కినారు, ఇద్దరూ ముఖ్యమంత్రులు అయినారు. కాలేజీ గేటు దాకా రావడానికి ఒకరికి దారి వుండింది, ఇంకొకరికి దారి వేయవలసి వచ్చింది. అంతే తేడా. బుర్రలో తేడా లేదు.

1942లో బి.ఏ. అయిపోయింది. అది రెండో ప్రపంచ యుద్ధం కాలం. తిండి గింజలు దొరకవు, ఉద్యోగాలు దొరకవు. డిగ్రీ చేతిలో పెట్టుకొని ఆయన చిన్నా చితకా పనులు చేసినాడు. కర్నూలులో రేషనింగ్ ఆఫీసులో గుమస్తా, జీతం నెలకు 48 రూపాయలు. ఆ పని పోయింది. మద్రాసులో కొన్నాళ్ళు, బళ్ళారిలో కొన్నాళ్ళు తాత్కాలిక ఉద్యోగాలు. ఒక ఊర్లో కుదురుకునే లోపల ఇంకో ఊరు. బళ్ళారిలో వున్నప్పుడు అక్కడి జిల్లా జడ్జి ఈయన తెలివి చూసి లా చదవమని ప్రోత్సహించినాడు. 1946లో మద్రాసు లా కాలేజీలో చేరినాడు.

ఆ చదువుకు స్కాలర్‌షిప్పు లేదు. అన్నను ఇంక అడిగే వయసు కాదు. అందుకని మద్రాసు జార్జి టౌనులో ఒక హైస్కూలులో పిల్లలకు లెక్కలు చెప్పే పని పట్టుకున్నాడు. అనంతపురంలో నేర్చుకున్న లెక్కలు మద్రాసులో అన్నం పెట్టినాయి. ఆ జీతం హాస్టలు ఖర్చుకు సరిపోయేది. అట్లా ఒక పక్క పాఠం చెబుతూ, ఒక పక్క పాఠం వింటూ లాయరు అయినాడు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాము. పుట్టిన గుడిసె, మేనమామ ఇల్లు, మిషను బడి, కర్నూలు హైస్కూలు, అనంతపురం కాలేజీ, మద్రాసు హాస్టలు. ఇన్ని చోట్లు మారినాడు. ఒక్కటి కూడా ఆయన పేరు మీద లేదు. అయినా చదువు తెగలేదు. ఎందుకంటే చోటు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకున్నారు. ఒకసారి అన్న, ఒకసారి బడి, ఒకసారి స్కాలర్‌షిప్పు, ఒకసారి ఒక జడ్జి మాట. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మనకు సంజీవయ్య లేడు.

తర్వాత కథ మీకు కొంత తెలిసిందే. 1950లో తాత్కాలిక పార్లమెంటులో సభ్యుడు అయినారు. 1952 ఎన్నికల్లో గెలిచి మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మంత్రివర్గంలో మంత్రి అయినారు. 1954లో కృష్ణవేణి గారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమె టీచరు. 1960 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయినారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్ళు కూడా నిండలేదు. 1962 మార్చి దాకా ఆ పదవిలో వున్నారు.

రెండేళ్ళ కాలంలో ఏం చేసినారో చూడండి. భూమి లేని పేదలకు సుమారు 6 లక్షల ఎకరాలు పంచినారని చెబుతారు. ముసలివాళ్ళకు పింఛను ఇచ్చే పథకం మన రాష్ట్రంలో మొదలుపెట్టింది ఆయనే. తల్లికి ఖర్చుకు డబ్బులు ఇస్తే, మరి కొడుకులు లేని తల్లుల సంగతి ఏమిటని ఆమె అడిగిందనీ, దాని నుంచే పింఛను పుట్టిందనీ జనం చెప్పుకుంటారు. లంచాలు తినేవాళ్ళను పట్టుకునే ఏ.సి.బి. 1961లో ఏర్పాటయింది. పిల్లలకు ప్రాథమిక విద్య తప్పనిసరి చేసే చట్టం కూడా 1961లోనే వచ్చింది. తాను ఏది లేక బాధపడినాడో అది ఇంకొకరికి వుండాలని చూసినాడు.

ఆ తర్వాత అఖిల భారత కాంగ్రెసుకు అధ్యక్షుడు అయినారు. ఆ పదవిలో కూర్చున్న తొలి దళితుడు కూడా ఆయనే. 1964లో కేంద్రంలో కార్మిక మంత్రి అయినారు. కార్మికులకు బోనస్ హక్కు ఇచ్చే చట్టం 1965లో వచ్చింది. 1972 మేలో ఢిల్లీలో గుండెపోటుతో చనిపోయినారు. అప్పటికి వయసు 51 ఏళ్ళే. ఇన్ని పదవులు చేసినా సొంతానికి ఒక ఇల్లు కట్టుకోలేదు. ఇప్పుడు హైదరాబాదులో పార్కుకు, విశాఖపట్నంలో లా యూనివర్సిటీకి, నెల్లూరు జిల్లాలో కరెంటు ఫ్యాక్టరీకి, కర్నూలు జిల్లా గాజులదిన్నె ప్రాజెక్టుకు ఆయన పేరు వుంది. బతికి వుండగా ఒక తలుపు మీద కూడా ఆయన పేరు లేదు.

మిత్రులారా, ఈ కథ అరవై డెబ్బై ఏళ్ళ కిందటిది అనుకొని వదిలేయవద్దు. మన సీమలో వాన తప్పితే చెనిక్కాయ చేను ఎండుతుంది. చేను ఎండితే తాండా ఖాళీ అవుతుంది. అమ్మానాయన బెంగుళూరుకు కూలికి పోతారు. బిల్డింగు పని జరిగే చోట టార్పాలు కట్టుకొని వుంటారు. పెద్ద పెద్ద మేడలు కట్టేది వాళ్ళే, నీడ లేనిది వాళ్ళకే. వాళ్ళ వెంట పోయిన పిల్లకు బడి వుండదు. వెంట పోకుండా ఇక్కడ మిగిలిన పిల్లకు ఇంటికి తాళం. మనలో చాలా మందికి ఇల్లు అంటే మంచం కింద వుండే ట్రంకు పెట్టే. సిగ్గుపడవలసిన పని లేదు. సంజీవయ్య గారికీ అంతే వుండింది.

చట్టం కూడా మన వైపే వుంది. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలయింది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని బడిలో చేర్చుకోకుండా వుండకూడదు. టి.సి. రావడం ఆలస్యమైందని కూడా ఆపకూడదు. వలస పోయిన కుటుంబాల పిల్లలను బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థలది. ఈ మూడు ముక్కలూ మీ తాండాలో, మీ ఊర్లో చెప్పండి. చాలామందికి తెలియదు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. వలస పోయి ఆలస్యంగా వచ్చే పిల్లవాడి పేరు రిజిస్టరులో తొందరపడి కొట్టేయవద్దు. సెలవుల్లో ఇంటికి తాళం వున్న పిల్లలకు హాస్టలులో ఒక గది అయినా తెరిచి వుంచే వీలు చూడండి. అన్నం మిగిలినా మిగలకపోయినా ఆ గది చాలు.

క్లాసులో వాళ్ళకు కూడా ఒక మాట. రెండు నెలలు రాక వచ్చినవాణ్ణి వెనకబెంచీ అని ఎగతాళి చేయవద్దు. నోట్సు ఇవ్వండి. పోయిన పాఠాలు రాత్రి స్టడీ అవర్లో కూర్చోబెట్టి చెప్పండి. చిన్నయ్య చదువుకోలేదు, డబ్బున్నవాడు కాదు, కూలివాడు. ఆయన చేయగలిగినప్పుడు మనం నోట్సు ఇవ్వలేమా?

మనలో ఎవరు సంజీవయ్య అవుతారో తెలియదు. చిన్నయ్య మాత్రం అందరమూ కావచ్చు.