నిండు నెలల్లో సైకిలెక్కిన మేరీ క్యూరీ

మేరీ క్యూరీ అంటే రేడియం, రెండు నోబెల్ బహుమతులు గుర్తొస్తాయి. ఆమె కాన్పుల సంగతి తక్కువమందికే తెలుసు. రామచంద్రపురంలో మా ఓపీకి వచ్చే ఉద్యోగినులు మీటింగ్ కోసం హైదరాబాద్ వెళ్లొచ్చా అని అడిగినప్పుడు నాకు ఆవిడే గుర్తుకొస్తారు.

1867లో వార్సాలో పుట్టిన మేరీ, 1895లో పియరీ క్యూరీని పెళ్లాడారు. 1897లో మొదటి గర్భం. నెలల తరబడి తల తిరుగుడు, నీరసం. అయినా ఎనిమిదో నెలలో భర్తతో సైకిల్ మీద బ్రెస్ట్ రేవుకు బయల్దేరారు! యాత్ర అర్ధంతరంగా ఆపి పారిస్ చేరక తప్పలేదు. సెప్టెంబర్ 12న ఐరీన్ పుట్టింది. పురుడు పోసింది డాక్టరైన మామగారు యూజీన్ క్యూరీయే. కొద్ది రోజులకే భార్య చనిపోవడంతో ఆయన కొడుకింటికి వచ్చి మనవరాలిని చూసుకున్నారు. ఆ పెద్దాయన లేకుంటే మేరీ లేబొరేటరీ పని అంత సాఫీగా సాగేది కాదు.

1903 జూన్‌లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పియరీ రేడియం మీద ప్రసంగించారు. మేరీ శ్రోతల్లో కూర్చున్నారు. అప్పటికే మళ్లీ గర్భవతి. తిరిగొచ్చాక జూన్ 25న డాక్టరేట్ పరీక్ష. ఆగస్టులో, ఐదో నెలలో గర్భం పోయింది. ఒంటిని లెక్కచేయని తప్పు తనదేనని అక్కకు ఉత్తరం రాసి కుమిలిపోయారు.

కారణం ఏమిటో ఇప్పుడు తేల్చలేం. రేడియాన్ని ఉత్త చేతులతో పట్టుకున్న రోజులవి కనుక అనుమానం ఉంది, రుజువు లేదు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి మామూలు ప్రయాణం వల్ల గర్భం పోదు. కానీ గర్భం పోయిన తల్లి ఇప్పటికీ నింద తనమీదే వేసుకుంటుంది, ఇంట్లోవాళ్లు ఇంకో నాలుగు మాటలు కలుపుతారు. అది మానాలి.

బీపీ ఎక్కువున్నా, మాయ కిందికున్నా ప్రయాణం వద్దు. ఏ ఇబ్బందీ లేనివారికి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య సుఖం. 28 వారాలు దాటితే విమాన సంస్థలు డాక్టర్ సర్టిఫికెట్ అడగొచ్చు, 36 దాటితే చాలావరకు ఎక్కించుకోవు. గర్భిణుల కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, అందుకే గంట రెండు గంటలకోసారి లేచి నడవాలి. సీటుబెల్టు పొట్ట కిందుగా పెట్టుకోవాలి. రిపోర్టులు చేతిసంచిలోనే ఉంచుకోవాలి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్రమైన తలనొప్పి... వీటిలో ఏది కనిపించినా మీటింగ్ అయ్యేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఆ డిసెంబర్‌లో నోబెల్ అందుకోవడానికి మేరీ స్టాక్‌హోం వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదు, పాఠాలూ వదిలేలా లేవు. 1904 డిసెంబర్ 6న రెండో కూతురు ఈవ్ పుట్టింది. మరుసటి జూన్‌లో దంపతులిద్దరూ స్టాక్‌హోం వెళ్లారు. పియరీ ప్రసంగించారు.