ఎల్ఐసీ సొమ్ముపై బహిరంగ విచారణ: ఆర్థిక మంత్రి రాజీనామాకు దారితీసిన నివేదిక రాసిన జస్టిస్ ఛాగ్లా ఎవరు?

ప్రభుత్వ బ్యాంకులోనో, బీమా సంస్థలోనో అక్రమాలు జరిగాయని ఆరోపణ రాగానే వినిపించే మొదటి డిమాండ్ న్యాయ విచారణ. ప్రభుత్వం ఒప్పుకుంటే కమిషన్ వేస్తారు. ఆ తర్వాత గడువు పొడిగిస్తూ పోవడం, నివేదిక వచ్చేసరికి జనం అసలు విషయమే మరిచిపోవడం మనకు అలవాటైన వ్యవహారమే.

కానీ 1958లో ఒక కమిషన్ నెల తిరక్కముందే పని పూర్తి చేసింది. విచారణ అందరి ఎదుటా జరిగింది. నివేదిక వచ్చాక కేంద్ర ఆర్థిక మంత్రి పదవి వదులుకున్నారు. ఆ విచారణ జరిపిన న్యాయమూర్తి మహమ్మదలీ కరీం ఛాగ్లా. ప్రభుత్వ సంస్థల్లో ఉన్న ప్రజల సొమ్ముకు ఎవరు జవాబుదారీ అన్న ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆయన పేరు మళ్లీ వినిపిస్తుంది.

ఇంటిపేరు మార్చుకున్న కుర్రాడు

ఛాగ్లా 1900 సెప్టెంబరు 30న బొంబాయిలో ఒక సంపన్న ఖోజా ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఐదేళ్ల వయసులో తల్లి చనిపోయారు. ఆయన ఇంటిపేరు మొదట మర్చంట్. డబ్బు వాసన కొట్టే ఆ పేరు ఆయనకు నచ్చలేదు. తాతను అడిగితే, కుటుంబంలో పెద్దలను ముద్దుగా పిలిచిన ఛాగ్లా అనే పేరు పెట్టుకోమన్నారు. కచ్ఛీ భాషలో దానికి ఇష్టమైనవాడు అని అర్థం.

ఆక్స్‌ఫర్డ్‌లోని లింకన్ కాలేజీలో చరిత్ర చదివి, బారిస్టరై 1922లో తిరిగొచ్చారు. బొంబాయి హైకోర్టులో మహమ్మద్ అలీ జిన్నా చాంబర్‌లో జూనియర్‌గా చేరారు. తొలి ఏళ్లలో కేసులు పెద్దగా రాలేదు. జిన్నాపై ఎంతో గౌరవం ఉన్నా, 1928లో నెహ్రూ నివేదికపై వచ్చిన విభేదాలతో ఆయనకు దూరమయ్యారు. మతం పేరుతో రాజకీయం వద్దన్నది ఛాగ్లా వాదన. జీవితాంతం ఆ మాట మీదే ఉన్నారు.

1941లో హైకోర్టు జడ్జి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి చేపట్టి, దాదాపు పదేళ్లు కొనసాగారు. 1958 జనవరిలో కేంద్రం నుంచి విచారణ బాధ్యత వచ్చేనాటికి ఆయన ఆ కుర్చీలోనే ఉన్నారు.

అసలు ఏం జరిగింది?

ప్రైవేటు బీమా కంపెనీలను కలిపేసి 1956 సెప్టెంబరు 1న ఎల్ఐసీని ఏర్పాటు చేశారు. ప్రైవేటు యజమానులు పాలసీదారుల డబ్బును సొంత వ్యాపారాలకు వాడుకుంటున్నారన్నది జాతీయీకరణకు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. అంటే ఎల్ఐసీ పుట్టిందే ఆ డబ్బుకు కాపలాగా.

ఏడాది నిండకముందే, 1957 జూన్‌లో, కలకత్తా వ్యాపారి హరిదాస్ ముంద్రాకు చెందిన ఆరు కంపెనీల షేర్లను ఎల్ఐసీ కొనేసింది. విలువ సుమారు 1.24 కోట్ల రూపాయలు. ఆనాటి లెక్కల్లో అది చాలా పెద్ద మొత్తం. అప్పటికే ముంద్రా అప్పుల్లో ఉన్నారు. పెట్టుబడులపై సలహా ఇవ్వాల్సిన కమిటీని ముందుగా అడగలేదు.

1957 డిసెంబరు 16న లోక్‌సభలో ఈ వ్యవహారాన్ని బయటపెట్టింది ప్రతిపక్షం కాదు. అధికార కాంగ్రెస్ సభ్యుడు, ప్రధాని నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ. పాలసీదారుల డబ్బుతో ఒక వ్యాపారిని ఎందుకు గట్టెక్కించారో చెప్పాలని నిలదీశారు. సొంత పార్టీ నుంచే ప్రశ్న రావడంతో ప్రభుత్వం విచారణకు ఒప్పుకోక తప్పలేదు.

జనం ముందే విచారణ

ఛాగ్లా ఏకసభ్య కమిషన్ బొంబాయిలో బహిరంగంగా కూర్చుంది. డబ్బు జనానిది కాబట్టి సాక్ష్యం కూడా జనం వినాలన్నది ఆయన ఆలోచన. వినడానికి వచ్చినవాళ్లు హాల్లో పట్టకపోవడంతో బయట లౌడ్‌స్పీకర్లు పెట్టాల్సి వచ్చింది. కమిషన్‌కు సాయపడింది అటార్నీ జనరల్ ఎం.సి. సెతల్వాడ్.

ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి, ఆర్థిక శాఖ కార్యదర్శి హెచ్.ఎం. పటేల్, రిజర్వ్ బ్యాంకు గవర్నర్ హెచ్.వి.ఆర్. అయ్యంగార్, ఎల్ఐసీ పెద్దలు ఒకరి తర్వాత ఒకరు సాక్షులుగా వచ్చారు. కలకత్తా షేర్ మార్కెట్‌ను నిలబెట్టడానికే కొన్నామన్నది అధికారుల వాదన. మంత్రికి తెలిసే జరిగిందని కార్యదర్శి అన్నారు. తాను అనుమతి ఇవ్వలేదని మంత్రి అన్నారు. ఈ రెండు మాటల మధ్య నిజం తేల్చడమే ఛాగ్లా ముందున్న పని.

ఏం తేల్చారు?

ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చారు. మార్కెట్‌ను కాపాడటానికి కొన్నామన్న వాదనను ఆయన అంగీకరించలేదు. కొనుగోలు వ్యాపార సూత్రాలకు తగ్గట్టు జరగలేదని తేల్చారు. కార్యదర్శి చేసిన పనికి మంత్రి బాధ్యత వహించాల్సిందేనని, తెలియదని చెప్పి కింది అధికారి మీదకు తోసేయడం కుదరదని స్పష్టం చేశారు.

ఆయన చేసిన సిఫార్సులు సామాన్యుడికి అర్థమయ్యేవే. ఎల్ఐసీ నిధులు పాలసీదారుల మేలుకే వాడాలి. స్వతంత్ర సంస్థల పనిలో ప్రభుత్వం వేలు పెట్టకూడదు. చెప్పక తప్పనిసరైతే ఆదేశం రాతపూర్వకంగా ఇవ్వాలి. పెట్టుబడులు చూసే సంస్థల చైర్మన్లకు ఆర్థిక, వ్యాపార అనుభవం ఉండాలి. ప్రభుత్వ సర్వీసు నుంచి వెళ్లిన అధికారి ఆ సంస్థకే విధేయుడిగా ఉండాలి, పై అధికారి మాటకు తలొగ్గకూడదు. పార్లమెంటుకు విషయం మొదట్లోనే చెప్పాలి.

వీటిలో రాతపూర్వక ఆదేశం అన్నది కీలకం. ఎల్ఐసీ చట్టంలోని 21వ సెక్షన్ ప్రకారం విధానపరమైన అంశాల్లో కేంద్రం ఆదేశాలు కాగితం మీదే ఉండాలి. ఫోన్‌లో చెబితే రేపు బాధ్యత ఎవరిదో తేలదు. ముంద్రా వ్యవహారంలో జరిగింది అదే.

ఎవరు ఏమయ్యారు?

కృష్ణమాచారి ఫిబ్రవరిలోనే రాజీనామా చేశారు. ముంద్రా అరెస్టయి జైలుకెళ్లారు. అధికారుల పాత్రపై జస్టిస్ వివియన్ బోస్ ఆధ్వర్యంలో మరో విచారణ జరిగింది. కథ అక్కడితో అయిపోలేదు. కృష్ణమాచారి 1962లో మళ్లీ కేబినెట్‌లోకి వచ్చి, మరుసటి ఏడాదికల్లా ఆర్థిక మంత్రి అయ్యారు. పటేల్ కూడా 1977లో జనతా ప్రభుత్వంలో అదే శాఖకు మంత్రి అయ్యారు.

ఛాగ్లా మీదా విమర్శ వచ్చింది. 1958లోనే ఆయన అమెరికాకు భారత రాయబారిగా వెళ్లారు. జడ్జీలు పదవి దిగాక ప్రభుత్వ ఉద్యోగాలు తీసుకోవడం మంచిది కాదని లా కమిషన్ అన్నది. అందులో ఛాగ్లా సభ్యుడు. అలాంటి వ్యక్తే పదవి తీసుకోవడాన్ని ఆ లా కమిషన్ అధ్యక్షుడైన సెతల్వాడ్ తప్పుపట్టారు. ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించే నివేదిక ఇచ్చిన న్యాయమూర్తే ప్రభుత్వ పదవి తీసుకున్నారు కాబట్టి, ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయలేం. జడ్జీల రిటైర్మెంట్ తర్వాతి పదవులపై ఇప్పటికీ నడుస్తున్న చర్చ ఇదే.

కమిషన్ చేతిలో ఏముంటుంది?

విచారణ కమిషన్లు 1952 నాటి చట్టం కింద ఏర్పడతాయి. కేంద్రమూ వేయొచ్చు, రాష్ట్రమూ వేయొచ్చు. కాళేశ్వరం ప్రాజెక్టుపై తెలంగాణ ప్రభుత్వం 2024లో వేసిన జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ కూడా ఈ చట్టం కింద వచ్చిందే. సాక్షులను పిలిపించడం, ప్రమాణం చేయించి విచారించడం, పత్రాలు తెప్పించడం వంటి విషయాల్లో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలుంటాయి.

శిక్ష వేసే అధికారం మాత్రం లేదు. కమిషన్ పని నిజం వెలికితీసి సలహా ఇవ్వడమేనని సుప్రీంకోర్టు రామకృష్ణ దాల్మియా కేసులో 1958 మార్చిలో స్పష్టం చేసింది. దాల్మియా–జైన్ కంపెనీలపై 1956లో వేసిన ఆ కమిషన్ నివేదిక రావడానికి ఏళ్లు పట్టింది. నెల తిరక్కముందే ముగిసిన ఛాగ్లా విచారణకూ దీనికీ ఎంత తేడా ఉందో చూడండి. నివేదికను, తీసుకున్న చర్యల వివరాలను ఆరు నెలల్లో చట్టసభ ముందు పెట్టాలన్న నిబంధన ఆ తర్వాత వచ్చింది.

చివరి రోజులు

ఛాగ్లా తర్వాత బ్రిటన్‌లో హైకమిషనర్‌గా పనిచేసి, 1963లో కేంద్ర విద్యా మంత్రి అయ్యారు. కొఠారీ విద్యా కమిషన్‌ను వేసింది ఆయన హయాంలోనే. విదేశాంగ మంత్రిగా ఉండగా, 1967లో ప్రభుత్వ భాషా విధానం నచ్చక రాజీనామా చేశారు. ఎమర్జెన్సీని బాహాటంగా వ్యతిరేకించారు. 1981 ఫిబ్రవరి 9న కన్నుమూశారు.

ఈసారి ఎక్కడైనా విచారణ కమిషన్ వేశారని వార్త చదివితే మూడు విషయాలు గమనించండి. విచారణ బహిరంగంగా జరుగుతోందా? గడువుకు కట్టుబడుతున్నారా? నివేదిక చట్టసభకు చేరిందా? ఈ మూడూ జరిగితేనే ఆ కమిషన్ వల్ల పాలసీదారుడికి, డిపాజిటర్‌కు ఉపయోగం.