మంచుకొండలు దాటిన గ్రంథభిక్షువు



శిథిలమైన దానిని నిలబెట్టుట, లోపించిన దానిని వెదకి తెచ్చి కూర్చుట జీర్ణోద్ధారణ అనిపించుకొంటుంది. రాతితోను, ఇటుకతోను జరిగే జీర్ణోద్ధారణ మీకు తెలియనిది కాదు. లోపించిన శాస్త్రాన్ని పూరించుటకై ప్రాణాలకు తెగించి మంచుపర్వతాల ఎల్లలను రెండుమార్లు దాటిన ఒక మహనీయుని చరిత్రను ఇక్కడ మీ ముందుంచుతున్నాను. చిన్ననాటి పాఠ్యపుస్తకాలలో హర్షచక్రవర్తి కాలంనాటి చైనా యాత్రికునిగా మీరు చదివిన హుయాన్‌త్సాంగ్ ఆయనే.

ఆయన క్రీ.శ. 602 ప్రాంతంలో, చైనాలోని లోయాంగ్ నగర సమీపంలో పండిత వంశంలో జన్మించినాడు. బాల్యంలోనే అన్నగారి వెంట బౌద్ధ విహారంలో చేరినాడు. 622లో పూర్ణదీక్ష స్వీకరించినాడు. ఆనాటి ఆచార్యులందరినీ ఆశ్రయించి చదివినాడు. అయినా సందేహం తీరలేదు. ఒకే శాస్త్రానికి పలువురు చేసిన చైనా అనువాదాలు పరస్పరం విరుద్ధంగా ఉన్నవి, కొన్ని అసంపూర్ణాలు. మూలగ్రంథాన్ని, అది పుట్టిన దేశంలో, గురుముఖతః చదివితే తప్ప ఈ చిక్కు విడదని ఆయన నిశ్చయించుకొన్నాడు. పాఠశుద్ధి విలువ తెలిసిన మన వేదపాఠశాలలవారికి ఆ వేదన వేరుగా చెప్పనక్కరలేదు.

629 ప్రాంతంలో ఆయన బయలుదేరినాడు. అప్పటికి తాంగ్ వంశపు ప్రభుత్వం ప్రజలు పశ్చిమపు ఎల్ల దాటరాదని నిషేధించి ఉన్నది. అనుమతి లభించలేదు. పగలు దాగి, రాత్రులు నడచి ఆయన సరిహద్దు చేరినాడు. అక్కడ ఒక వృద్ధుడు తన బక్కచిక్కిన ముసలి గుర్రాన్ని ఆయనకిచ్చి, ఆయన గుర్రాన్ని తాను పుచ్చుకొన్నాడు. ఆ ముసలిది అప్పటికి పదిహేనుసార్లు ఎడారి దాటిన గుర్రం. భారతదేశం చేరేవరకు తూర్పు వైపు ఒక్క అడుగైనా వేయనని ఆయన వ్రతం పట్టినాడు. గోబీ ఎడారిలో నీళ్ళు త్రాగబోతుండగా తిత్తి చేజారి నీరంతా ఇసుకపాలైనది. దిక్కుతోచక కొంతదూరం వెనుకకు మరలినాడు. అంతలో వ్రతం జ్ఞాపకం వచ్చి, గుర్రాన్ని మళ్ళీ పడమటికే త్రిప్పినాడు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్ళు చుక్కనీరు లేదు. అయిదవ రాత్రి ఆ ముసలి గుర్రమే, కళ్ళెం లాగినా మాట వినక, దారి తప్పించి ఆయనను పచ్చికకు, నీటిగుంటకు చేర్చినది.

గావొచాంగ్ అనే రాజ్యంలో మరొక విఘ్నం. ఆ దేశపు రాజు చ్యూ వెన్‌తాయ్ పరమభక్తుడు. రాజగురువుగా ఇక్కడనే ఉండిపొమ్మని నిర్బంధించినాడు. ఆయన అన్నపానాలు మాని కూర్చున్నాడు. రాజు దిగివచ్చి, తిరుగు ప్రయాణంలో మూడేళ్ళు తన వద్ద ఉండేటట్లు మాట తీసుకొని విడిచిపెట్టినాడు. 30 గుర్రాలు, పరివారం, బంగారం, పట్టు ఇచ్చినాడు. దారిలోని దేశాధిపతులకు 24 లేఖలు వ్రాసి ఇచ్చినాడు. ఎల్ల దాటుటకు ఆ లేఖలే ఆధారం. అవి చూపితే ముందుకు సాగుటకు గుర్రాలు, మార్గదర్శకులు లభించేవారు. ఆ దానమే లేకుంటే ఆ యాత్రే లేదు.

కూచా పట్టణం దాటిన పిమ్మట తియాన్‌షాన్ పర్వతాలు. కనుమలో మంచు కరుగుటకై రెండు నెలలు వేచి, ఆయన బృందంతో కొండ ఎక్కినాడు. చరిత్రకారులలో అనేకులు అది నేటి బెడెల్ కనుమ అంటారు. ఆ దారిలో పొడినేల అన్నది లేదు. పాత్రను వ్రేలాడగట్టి వంట చేసుకొనవలె. మంచుగడ్డపైనే చాప పరచి పడుకొనవలె. ఉన్ని వస్త్రాలు ఎన్ని చుట్టుకొన్నా వణుకు ఆగదు. ఏడు దినాలకు కొండ దిగినారు. వెంట వచ్చినవారిలో పదింట మూడు నాలుగు వంతులవారు చలికి, ఆకలికి ప్రాణాలు విడిచినారు. ఎద్దులు, గుర్రాలు అంతకంటె ఎక్కువగా పోయినవి. సంపన్నుడైన రాజు ఇచ్చిన పరివారంలో ఎందరో ఆ ఒక్క కనుమకే బలియైనారు.

అటుపిమ్మట సమర్‌ఖండ్, బాల్ఖ్, బామియాన్ మీదుగా హిందూకుష్ దాటి ఆయన భారతభూమి చేరినాడు. కాశ్మీరంలో రెండేళ్ళు, నలందలో శీలభద్రాచార్యుల పాదసన్నిధిలో మొత్తం అయిదేళ్ళు చదివినాడు. సంస్కృత వ్యాకరణం నేర్చినాడు. 639 ప్రాంతంలో మన తెలుగునేలకు వచ్చి వేంగీపురం చూచినాడు. ధాన్యకటకంలో, అంటే నేటి అమరావతీ ప్రాంతంలో, కొన్ని నెలలుండి ఇద్దరు భిక్షువుల వద్ద అభిధర్మశాస్త్రం అభ్యసించి, తనకు వచ్చిన శాస్త్రం వారికి చెప్పినాడు. కృష్ణాతీరంలో విద్య ఇచ్చి విద్య పుచ్చుకొన్న అతిథి ఆయన!

పాఠకులారా, ఇక తిరుగు ప్రయాణం సంగతి ఆలకించండి. హర్షుడు సముద్రమార్గాన పంపుతానన్నాడు. గావొచాంగ్ రాజుకిచ్చిన మాట కోసం ఆయన మళ్ళీ కొండదారినే కోరినాడు. సింధునది దాటునప్పుడు గాలివానకు గ్రంథాల పడవ ఒరిగి, 50 పొత్తాలు, కూర్చిన పూలవిత్తనాలు నీటిపాలైనవి. ఏళ్ళ తరబడి వ్రాసుకొన్న శ్రమ క్షణంలో పోయినది. ఆయన అక్కడనే యాభై దినాలకు పైగా ఆగి, ఉడ్డియాన దేశానికి మనుషులను పంపి, పోయిన వాటికి ప్రతులు వ్రాయించినాడు. అనంతరం హిందూకుష్. గుర్రం దిగి, కర్ర ఊతగా నడచినాడు. మంచు క్రింద దాగిన అగాధాలను తెలిసిన కొండవాసి ముందు నడువగా, అతని అడుగుజాడలలో వెనుకనున్నవారు సాగినారు. ఆ సమయానికి మిగిలినవి ఒక ఏనుగు, పది కంచరగాడిదలు, నాలుగు గుర్రాలు. పామీరు దాటిన పిమ్మట దొంగలు తరుమగా ఆ ఏనుగు కూడ నీట మునిగిపోయినది.

ఇంత కష్టపడి నిలుపుకొనబోయిన మాట మాత్రం తీరలేదు. ఆ రాజు 640లోనే మరణించినాడు. ఆయన రాజ్యం తాంగ్ సామ్రాజ్యంలో కలిసిపోయినది. హుయాన్‌త్సాంగ్ దక్షిణపు దారిని ఖోటాన్ చేరి, ఆజ్ఞ మీరి వెళ్ళిన సంగతి దాచక చక్రవర్తికి విన్నపం వ్రాసినాడు. సమాధానానికై వేచిన నెలలలోను, నదిలో పోయిన గ్రంథాల ప్రతులకై మనుషులను పంపుతూనే ఉన్నాడు. చక్రవర్తి తాయ్‌జోంగ్ మన్నించి ఆదరంతో ఆహ్వానించినాడు. దొంగచాటుగా దాటిపోయిన ఎల్లను ఆయన రాజాజ్ఞతో తిరిగి దాటినాడు.

645లో 657 గ్రంథాలు గుర్రాలపై రాజధాని చాంగాన్ చేరినవి. చక్రవర్తి ఉద్యోగమిస్తానంటే ఆయన వలదన్నాడు. తరువాతి 19 ఏళ్ళు అనువాదమే తపస్సు. ఆయన వెలువరించినవి 75 గ్రంథాలు, 1335 సంపుటాలు. తెచ్చిన గ్రంథాలను అగ్ని నుండి కాపాడుటకు 652లో ఒక గోపురాన్ని ప్రారంభించినాడు. ఆయన రాతితో కట్టదలచినాడు. అది పూర్తియగుట కష్టమని చక్రవర్తి ఇటుకతో కట్టించమన్నాడు. యాభై ఏళ్ళ వయసులో ఆ ఆచార్యుడు స్వయంగా గంప పట్టి ఇటుకలు, రాళ్ళు మోసినాడు. అర్ధశతాబ్దిలోనే అది శిథిలమైతే 701–704 మధ్య పునర్నిర్మించినారు. పిదప మరమ్మతులు పొందుతూ నేటికీ షియాన్ నగరంలో ఏడంతస్తులతో నిలిచి ఉన్నది.

ఆయన అనువదించిన వాటిలో మన వైశేషిక దర్శనానికి చెందిన దశపదార్థశాస్త్రం ఒకటి. దాని సంస్కృతమూలం మనకు లభించుట లేదు. నేడు అది ఆ చైనా అనువాదంలోనే బ్రతికి ఉన్నది. బౌద్ధ భిక్షువై ఉండి పరమతశాస్త్రాన్ని అంతే శ్రద్ధతో కాపాడినందుకు మనం ఆయనకు ఋణపడి ఉన్నాము. చివరి దశలో మహాప్రజ్ఞాపారమితను చేపట్టగా, గ్రంథం మిక్కిలి పెద్దదని శిష్యులు సంక్షేపించమన్నారు. ఆయన ఒక్క అక్షరం విడువక 600 సంపుటాలు పూర్తిచేసి, 664లో దేహం చాలించినాడు.

మహాశయులారా! కనుమలో కొందరిని, నదిలో గ్రంథాలను, దారిలో ఏనుగును పోగొట్టుకొన్న ఆ మనిషి ప్రతిచోట ఆగి, మిగిలినది లెక్కించి, పోయినది పూరించి ముందుకు సాగినాడు. ఆయన వెనుక గుర్రమిచ్చిన వృద్ధుడు, లేఖలిచ్చిన రాజు, దారి చూపిన కొండవాసి ఉన్నారు. ఒకరిచ్చిన గుర్రం, మరొకరు మోసిన గంపెడు ఇటుకలు శతాబ్దాలను దాటివస్తాయి. మీ చేతుల మీదుగా సాగే ప్రతి జీర్ణోద్ధారణలోను ఈ గ్రంథభిక్షువును ఒక్కసారి స్మరించండి. శుభం భూయాత్.