టెంకాయ చిప్పతో గుడి నిలబెట్టిన వాసుదాస స్వామి



ఒంటిమిట్ట కోదండరాముడి వీడియోలో టైమ్ చాలక నేను వదిలేసిన మనిషి ఒకరున్నారు. ఆ గుడి గోపురాల గురించి చెప్పుకున్నాం, ఒకే శిలలో వెలసిన సీతారామలక్ష్మణుల గురించి చెప్పుకున్నాం. కానీ ఆ గుడి పాడుపడుతున్న రోజుల్లో దాన్ని భుజానికెత్తుకున్నాయన గురించి చెప్పలేదు. ఆయనే వావిలికొలను సుబ్బారావు గారు. భక్తులకి వాసుదాస స్వామి, సాహిత్యం తెలిసినవాళ్లకి ఆంధ్ర వాల్మీకి.

ఉద్యోగం, కవిత్వం

సుబ్బారావు గారు 1863లో పుట్టారు. మొదట రెవెన్యూ శాఖలో పనిచేశారు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా. ఆ రోజుల్లో ఆ ఉద్యోగం అంటే మాటలు కాదు. భూమి లెక్కలు, శిస్తు వసూళ్లు. వానలు పడినా పడకపోయినా సర్కారుకి కట్టాల్సింది కట్టాలి. ఊళ్లోకి రెవెన్యూ అధికారి వస్తున్నాడంటే రైతు గుండె దడదడలాడేది.

సుమారు ఇరవై ఏళ్లు ఆ పని చేశాక, 1904లో మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడిగా చేరారు. ఇంకోపక్క ఆయన మనసంతా రామాయణమే. 24,000 శ్లోకాల వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఆంధ్ర వాల్మీకి అన్న పేరు అలా వచ్చింది. అంతటితో ఆగలేదు. పద్యం అందరికీ అందదు కదా! అందుకని అర్థాలు, విశేషాలు వచనంలో వివరిస్తూ మందరం అనే పెద్ద వ్యాఖ్యానం రాశారు. ఈరోజుకీ తెలుగిళ్లలో రామాయణం నిదానంగా చదువుకునే పెద్దవాళ్లకి ఆ పుస్తకమే తోడు.

కాలేజీ ఉద్యోగం వదిలేశాక ఆయన జీవితం పూర్తిగా రాముడి వైపు తిరిగింది.

చేతిలో చిప్ప

ఒంటిమిట్ట ఒకప్పుడు మహా వైభవంగా ఉన్న క్షేత్రం. 17వ శతాబ్దంలో మన దేశం చూడ్డానికొచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఆ గోపురం చూసి మెచ్చుకున్నాడు. కానీ రాజులు పోయారు, గుడిని చూసుకునే చేతులు తగ్గిపోయాయి. సుబ్బారావు గారి కాలానికి గుడి జీర్ణావస్థలో ఉంది. చుట్టుపక్కల ఊళ్లు చూస్తే కడప సీమ, కరువు నేల. గుడి బాగుచేయాలంటే డబ్బు ఎక్కడినుంచి రావాలి?

సుబ్బారావు గారు ఒక టెంకాయ చిప్ప చేతపట్టి భిక్షకి బయల్దేరారు. ఊరూరూ తిరిగారు. ఎవరు ఎంత వేస్తే అంత. వచ్చింది రాముడికి చేర్చారు. మళ్లీ ఇంకో ఊరు. అలా గుడికి మళ్లీ కళ తెచ్చారు. ఆ చిప్ప మీద ఆయనకెంత ప్రేమంటే, టెంకాయ చిప్ప శతకం అని దాని పేరుతో ఒక శతకమే రాశారు.

ఒక్కసారి ఊహించుకోండి. ఒకప్పుడు శిస్తు అధికారిగా ఊళ్లు చూసిన మనిషి. ప్రెసిడెన్సీ కాలేజీలో పాఠాలు చెప్పిన పండితుడు. ఇప్పుడు గడప బయట నిలబడి చేయి చాస్తున్నారు. వేస్తే తీసుకోవాలి, లేదు పొమ్మంటే వెళ్లిపోవాలి.

ఇద్దరు రామదాసులు

ఇక్కడ మనందరికీ ఇంకొకాయన గుర్తొస్తారు. భద్రాచలం రామదాసు, అంటే కంచర్ల గోపన్న గారు. ఆయనా రెవెన్యూ అధికారే, పాల్వంచ పరగణాకి తహసీల్దారు. మనం వింటూ వచ్చిన కథ ప్రకారం, వసూలైన సర్కారు పైకంతో రాముడికి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు ఉన్నారు.

ఎవరి భక్తి గొప్పది అని నేను తూకం వెయ్యను, అంత అర్హత నాకు లేదు. నేను చూసేది డబ్బు వచ్చిన దారి. గోపన్న గారి చేతికొచ్చిన పైకం జనం శిస్తుగా కట్టింది. వాసుదాస స్వామి చిప్పలో పడింది ఎవరికి వాళ్లు ఇష్టపడి వేసింది. శిస్తు శాఖలో అన్నేళ్లు పనిచేసిన మనిషికి ఈ రెండిటి మధ్య తేడా మనకంటే బాగా తెలిసే ఉంటుంది అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. దేవుడికి కొబ్బరికాయ కొడతాం, కొబ్బరి ప్రసాదమవుతుంది. చిప్ప ఎవరికీ అక్కర్లేదు, పారేస్తాం. ఆయన పట్టుకున్నది దాన్ని. అందులో వెండి పళ్లెం దర్జా లేదు. కానీ వేసే చేతికి మొహమాటమూ ఉండదు, ఎంత చిన్న నాణెమైనా వెయ్యొచ్చు.

మా బొల్లాపల్లిలో ఇప్పుడు

వాసుదాస స్వామి తర్వాత మన గుంటూరు సీమకీ వచ్చారు. తెనాలి దగ్గర అంగలకుదురులో ఆశ్రమం పెట్టారు. 1936లో రాముడిలో కలిసిపోయారు. అంగలకుదురు మా పల్నాడువాళ్లకి దూరమేమీ కాదు. అయినా మా వైపు ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే.

ఇప్పుడే ఈ కథ ఎందుకు చెబుతున్నానంటే, మా బొల్లాపల్లి మండలంలో ఒక తండావాళ్లు చిన్న రామాలయం కట్టుకుందామని చందాలకి తిరుగుతున్నారు. తిరిగేవాళ్లంతా కుర్రాళ్లే. కొందరు హైదరాబాదులో పని చేసుకుంటూ ఆదివారాలు వస్తున్నారు. మా వైపు సంగతి మీకు తెలుసో లేదో, వానమీద ఆధారపడ్డ చేలు, మంచినీళ్లకే కటకట. వరికపూడిశెల నీళ్లు ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తున్న ఊళ్లు.

ఇప్పుడు కమిటీ ముందు రెండు మాటలున్నాయి. ఒకటి, ఇంటికి ఇంత అని నిర్ణయించి వసూలు చేద్దామని. రెండోది, ఒక పెద్దమనిషి మొత్తం తనే ఇస్తానంటున్నాడు, కాకపోతే ఆర్చి మీద ఆయన పేరు, ఫోటో ఉండాలి. నన్ను కూడా అడిగారు, ఏది మంచిదని.

నా మాట ఇదీ. ఇంటికింత అంటే అది శిస్తే. మిరపకాయలు కోసే కూలి డబ్బుతో ఇల్లు నడుపుకునే ఒంటరి ఆడమనిషి అంత కట్టలేదు. కట్టలేక గుడి ముందు నుంచి తలదించుకుని పోతుంది. మొత్తం ఒక్కరే ఇస్తే, రేపు ఆ గుడి ఆయన గుడి అవుతుంది, తండా గుడి కాదు. పది రూపాయలు ఇచ్చిన ముసలమ్మ కూడా ఇది మా గుడి అనుకునేలా ఉండాలంటే చిప్ప ఒక్కటే దారి. ఆలస్యమవుతుంది, నిజమే. ఈ శ్రీరామనవమికి కాకపోతే పైయేటికి అవుతుంది. గోడ లేచేదాకా రాముడి పటం చెట్టు కింద పెట్టుకుని భజన చేసుకోవచ్చు.

కమిటీ ఇంకా ఏమీ తేల్చలేదు. పెద్దాయన మాటకి ఎదురు చెప్పడం అంత తేలిక కాదు, అది నాకూ తెలుసు. అందుకే వాళ్లకి ఈ కథ చెప్పాను, ఇప్పుడు మీకూ చెబుతున్నాను. మీ అపార్ట్‌మెంటులో వినాయక చవితి చందా రాసేటప్పుడైనా, సొంతూళ్లో గుడి పని మొదలైనప్పుడైనా ఇదే ప్రశ్న మీ ముందుకొస్తుంది.

ఈసారి ఒంటిమిట్ట వెళ్లినప్పుడు, రాముడికి దణ్ణం పెట్టుకున్నాక వాసుదాస స్వామిని కూడా ఒకసారి తలుచుకోండి. హుండీలో మీకు తోచింది వెయ్యండి, చిన్నదైనా పర్లేదు.

జై శ్రీరామ్!