గోడే వెంకట జగ్గారావు

గోడే వెంకట జగ్గారావు (1817 - 1856) విశాఖపట్నానికి చెందిన జమీందారు, ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1840లో స్వగృహంలో వేధశాల నెలకొల్పి, దూరదర్శినితో ఆకాశ పరిశీలన సాగించిన తొలితరం భారతీయులలో ఇతడొకడు.

శిక్షణ

సంపన్న జమీందారీ కుటుంబంలో జన్మించిన జగ్గారావు ఖగోళ శాస్త్రంపై ఆసక్తితో 1830వ దశకంలో మద్రాసు వెళ్ళాడు. అక్కడి ప్రభుత్వ వేధశాల అధిపతి థామస్ గ్లాన్‌విల్ టేలర్ వద్ద పరిశీలన, గణన పద్ధతులను అభ్యసించాడు. పదకొండు వేల నక్షత్రాల స్థానాలతో మద్రాసు పట్టికను రూపొందించినవాడు ఈ టేలరే. జగ్గారావు ముందుగా విద్య నేర్చి, ఆ తరువాతనే సొంత పరికరాలను సమకూర్చుకున్నాడు.

వేధశాల

డాబా గార్డెన్స్‌లోని ఈ వేధశాలలో ప్రధాన దూరదర్శిని కటకం వ్యాసం 4.8 అంగుళాలు (సుమారు 12 సెం.మీ.), నాభ్యంతరం 5 అడుగుల 8 అంగుళాలు. నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని గుర్తించే ట్రాన్సిట్ పరికరం, క్రోనోమీటరు కూడా ఉండేవి. వీటితో నిర్ణయించిన కాలాన్ని డాల్ఫిన్స్ నోస్ కొండపై గల జెండా స్తంభం ద్వారా రోజూ తెలియజేసేవారు. వాతావరణ పరిశీలనలు కూడా జరిగేవి.

వారసత్వం

జగ్గారావు నలభై ఏళ్ళు నిండకుండానే 1856లో మరణించాడు. సాధారణంగా ఇటువంటి సొంత వేధశాలలు యజమానితోనే అంతరిస్తాయి. అయితే అల్లుడు అంకితం వెంకట నరసింగరావు (1827 - 1892) దీనిని నిలబెట్టాడు. 1868 నాటి బుధ సంక్రమణాన్ని, 1874 డిసెంబరు 9 నాటి శుక్ర సంక్రమణాన్ని పరిశీలించాడు; 6 అంగుళాల దూరదర్శినిని కూడా సమకూర్చాడు. లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యాడు. 1894లో మద్రాసు ప్రభుత్వం వేధశాలను ప్రజోపయోగార్థం స్వీకరించింది. తరువాత అది జగ్గారావు పేరుతోనే ప్రసిద్ధమైంది.

నేటి ప్రారంభకులకు ప్రాసంగికత

జగ్గారావు తొలి దూరదర్శిని నేడు ప్రారంభకులు కొనే 114, 130 మి.మీ. దర్పణ దూరదర్శినుల పరిమాణంలోనిదే. కటకంలో అనేక తలాలను నునుపు చేయవలసి ఉండగా, దర్పణంలో ఒక్క తలాన్ని చేస్తే చాలు. కనుక ఒకప్పుడు జమీందారులకే సాధ్యమైన పరికరం నేడు సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది. 12 సెం.మీ. వ్యాసం గల దూరదర్శిని కంటిపాప కంటె సుమారు 300 రెట్లు అధిక కాంతిని సేకరిస్తుంది. శని వలయాలు, గురు గ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు, చంద్ర బిలాలు చూడటానికి ఇది చాలును. దీనితో 240 రెట్లకు మించిన వృద్ధీకరణ వలన బింబం మసకబారుటయే తప్ప ప్రయోజనం లేదు. కాబట్టి కొనేటప్పుడు పెట్టెపై ముద్రించిన రెట్లను గాక, వ్యాసాన్ని, కదలని పీఠాన్ని చూడాలి. విశాఖలోనైనా గోదావరి డెల్టాలోనైనా శీతాకాలపు రాత్రులలో కటకంపై తేమ పడుతుంది. కటక దూరదర్శిని ముందు అట్టతో చుట్టిన గొట్టం అమర్చితే ఈ ఇబ్బంది తగ్గుతుంది.